కింది బెర్తు

మా వదిన కనకవల్లి నిద్రకి కాకినాడలో పేరుంది. తుఫాను రాత్రి వాళ్ళ వంటింటి రేకులు లేచి ఎదురింటి డాబా మీద పడ్డాయట. వీధి వీధంతా లేచి కూర్చుంటే ఆవిడ పక్కకి ఒత్తిగిలి దుప్పటి భుజం మీదికి లాక్కుందట. తన పెళ్ళిలో పంతులుగారు మంత్రాలు సాగదీస్తుంటే పీటల మీదే ఓ కునుకు తీసిందని మా మామగారు నవ్వుతూ చెప్పేవారు. ఇక ఆవిడ గురక. కొత్త కోడలిగా ఆ ఇంట్లో పడుకున్న మొదటి రాత్రి ఆ శబ్దం విని, పెరట్లో నీళ్ళ మోటారు ఆపడం మరిచిపోయారనుకుని, నేను లేచి వెళ్ళి స్విచ్చి కోసం గోడంతా తడిమాను.

నా పేరు హిమబిందు. వియన్నాలో నిద్ర మీద పనిచేసే ఒక ప్రయోగశాలలో ఇంజనీరుని. నా పని నాకు బాగా వచ్చు. ఈ మాట అనడానికి నాకేం మొహమాటం లేదు. నిద్రలేని మనిషికి మందుబిళ్ళ లేకుండా నిద్ర తెప్పించే బెర్తుని నేను తయారుచేశాను. దాన్ని పొత్తు బెర్తు అంటాం. కింద పడుకున్నవాళ్ళ ఊపిరినీ గుండె చప్పుడునీ పరుపు కింద పలక పసిగడుతుంది. పైనున్న బెర్తు అదే ఊపిరికి తగ్గట్టు మెల్లగా లేస్తుంది, దిగుతుంది. కాసేపటికి పైనున్న ఒళ్ళు తనకి తెలియకుండానే కింది ఊపిరి వెంట నడుస్తుంది. కింద నిద్రపోతే పైనా నిద్రపోతుంది.

ప్రయోగశాలలో ఇది పనిచేయలేదు. కదలని గదిలో మంచం ఊగితే ఒళ్ళు ఆ దొంగ ఊపుని పట్టేస్తుంది, కడుపులో తిప్పుతుంది. రైల్లో అయితే ఊపు నిజంగా ఉంటుంది. అందులో ఇంకో మనిషి ఊపిరిని కలిపేస్తే ఒళ్ళు అనుమానపడదు. అది కూడా పొద్దుగూకే వేళ ఎక్కి తెల్లారాక దిగే దూరపు రైలు అయితేనే నిద్ర పూర్తవుతుంది. అందుకే వియన్నా నుంచి రోముకి వెళ్ళే రాత్రి రైల్లో ఒక పెట్టె అద్దెకి తీసుకున్నాం. పై బెర్తుకి ఊపు ఎక్కువ కాబట్టి నిద్ర పుచ్చుకునేవాళ్ళు పైన, ఇచ్చేవాళ్ళు కింద.

పుచ్చుకునే మొదటి మనిషి మా ఆయన దివాకర్. రెండేళ్ళ కిందట మెదడువాపు వచ్చి తగ్గింది. వెళుతూ వెళుతూ అది ఆయన నిద్ర పట్టుకుపోయింది. బడిలో లెక్కలు చెప్పే మనిషి బోర్డు ముందు సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడిపోతుంటే పిల్లలు భయపడ్డారని ఉద్యోగం మానిపించారు. రాత్రుళ్ళు ఇంట్లో బట్టలన్నీ ఇస్త్రీ చేసేవారు. చేసినవే మళ్ళీ చేసేవారు. ఇలాగే ఉంటే ఇంకో చలికాలం చూడరని డాక్టరు నన్ను పక్కకి పిలిచి చెప్పాడు. ఆ మాట విని నేను ఏడవలేదు. ఫోన్ తీసి కాకినాడలో ఉన్న ఆయన అక్కకి, అదే మా వదినకి చేశాను. తోడబుట్టినవాళ్ళ ఊపిరి తొందరగా కలుస్తుందని అప్పటికే ప్రయోగశాలలో తీసిన కొలతల్లో తేలింది.

"నా నిద్ర వాడికి కావాలా? దానికింత ఇంగ్లీషు ఎందుకే, వచ్చేస్తాను," అంది వదిన. జంతికల డబ్బా చంకన పెట్టుకుని మార్చి నెల చలిలో విమానం దిగింది.

మొదటి ప్రయాణంలోనే దివాకర్ నిద్రపోయారు. రోములో దిగేటప్పుడు ఆయన ముఖం మీద దిండు గీతలు పడి ఉన్నాయి. ఆ గీతలు చూసి స్టేషన్లో అందరి ముందూ ఏడ్చాను. అప్పటినుంచి ప్రతి వారం ఒకసారి అక్కాతమ్ముళ్ళిద్దరూ రోముకి వెళ్ళి రావడమే. వేసవి వచ్చేసరికి ఆయన కాగితం రుమాళ్ళ మీద లెక్కలు కట్టడం, నా వంటకి వంకలు పెట్టడం మొదలుపెట్టారు. వంకలు పెడుతున్నారంటే మనిషి బాగుపడ్డట్టే.

ఇచ్చేవాళ్ళకి నష్టం లేదా అంటే ఉంది. ఆ రాత్రి వాళ్ళ నిద్ర పలచబడుతుంది. ఇంటికి వెళ్ళి రెండు రాత్రులు పడుకుంటే తిరిగి చిక్కబడుతుందని నా నివేదికలో రాశాను. రాసింది నమ్మాను కూడా. వదినని చూస్తే ఎవరైనా నమ్ముతారు. అందరికంటే ముందు లేచి ఉప్మా చేసేది, బట్టలు మడతపెట్టేది, మా కిటికీ కింద ట్రాములు లెక్కపెట్టేది. ఆవిడ గురక కూడా తగ్గింది. వియన్నా గాలి ఆవిడకి పడిందనుకుని, గోడకి ఇవతల నేను హాయిగా నిద్రపోయేదాన్ని.

ఆ ధీమాతోనే సెప్టెంబరులో కొత్త ప్రయోగం పెట్టాను. కింద ఒక్కరు, పైన ఇద్దరు. నిద్రలేనివాళ్ళు వందలమంది మాకు ఉత్తరాలు రాస్తున్నారు. మా వదిన లాంటివాళ్ళు వందలమంది దొరకరు. ఒకరి నిద్ర ఇద్దరికి సరిపోతుందని తేలితే చాలామంది బతికిపోతారు. మూడు బెర్తుల గది తీసుకున్నాం. కింద వదిన, మధ్యలో దివాకర్, అన్నిటికంటే పైన సిల్వానా గారు.

సిల్వానా గారిది రోము. ఒకప్పుడు బడిలో భూగోళం చెప్పేవారు. భర్త పోయిన దగ్గర్నుంచి నిద్ర లేదు. పొట్టి మనిషి, తెల్ల జుట్టు, లావుపాటి కళ్ళద్దాలు. రైలెక్కగానే వదిన ఆవిడకి జంతిక ఇచ్చింది. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, కొరికి, ఇంకోటి అడిగారు. వాళ్ళిద్దరికీ ఉమ్మడి భాష ఒక్క ముక్క లేదు. అయినా రైలు కదలకముందే దివాకర్ చిన్నప్పటి అల్లరి అంతా వదిన ఆవిడకి తెలుగులో చెప్పేసింది. ఆవిడ ఇటాలియన్లో అయ్యయ్యో అన్నారు.

నిచ్చెన దగ్గరే చిక్కు వచ్చింది.

"పెద్దావిణ్ణి అటకెక్కిస్తావా బిందూ? ఆ మోకాళ్ళు చూడు, ఎలా వణుకుతున్నాయో," అంది వదిన.

"పైన ఊపు ఎక్కువ వదినా. ఆవిడకి కావాల్సింది అదే."

"ఊపు సంగతి నీకు తెలుసు. మోకాళ్ళ సంగతి నాకు తెలుసు."

"డాక్టరు చూశాడు, ఎక్కగలరన్నాడు. దయచేసి ఎవరి బెర్తు మీద వాళ్ళే పడుకోండి. మారకూడదు," అన్నాను.

అంతలో పెట్టె చూసుకునే ఉద్యోగి ఏవో సంతకాల కోసం పిలిస్తే వెళ్ళిపోయాను. తిరిగి వచ్చేసరికి తలుపు మూసి ఉంది, లోపల దీపం ఆర్పేశారు. దివాకర్ ఎప్పటిలాగే చెవుల్లో దూది పెట్టుకుని గోడవైపు తిరిగి పడుకుని ఉంటారు. నేను పెట్టె చివర ఉన్న యంత్రాల గదికి వెళ్ళి, నా సహోద్యోగిని మార్టా పక్కన కూర్చున్నాను. రైలు ఊరు దాటింది. సెమ్మరింగ్ కొండ వంపుల్లో పడి ఊగడం మొదలుపెట్టింది.

తెర మీద కింది బెర్తు నిద్ర లోతు చూపే గీత చూసి ముందుగా ముఖం చిట్లించింది మార్టా.

వదిన గీత నాకు ఆవిడ చేతిరాతంత బాగా తెలుసు. రైలు కదిలిందంటే బావిలో వేసిన చేద లాగా ఒక్కసారి అడుగుకి దిగిపోతుంది. ఈ గీత దిగడం లేదు. పైపైనే తిరుగుతోంది. గుండె నెమ్మదిగా కొట్టుకుంటోంది, అక్కడక్కడా ఒక దెబ్బ తప్పుతోంది.

"ఇది మీ వదినగారి గుండె కాదు. వయసైన గుండె," అంది మార్టా.

బెర్తులు మార్చుకున్నారు. ఏమేం ప్రమాదాలు రావచ్చో మేం ముందే ఆలోచించి పెట్టుకున్నాం. మంటలు రావచ్చు, కరెంటు పోవచ్చు, ఎవరికైనా కలలో భయం వేయవచ్చు. బెర్తులు మార్చుకుంటారని మాత్రం ఎవరికీ తట్టలేదు. ఇక్కడ నంబరు ఇస్తే మనిషి ఆ నంబరు మీదే పడుకుంటాడు. ఇది తట్టాల్సింది నాకు. మన రైళ్ళలో పెరిగినదాన్ని. "అమ్మా, కొంచెం అడ్జస్టవుతారా, మా అత్తగారు పైకి ఎక్కలేరు" అనే మాట వినకుండా నేను చిన్నప్పుడు ఏ ఊరూ చేరలేదు. ఇన్నేళ్ళ వియన్నా బతుకులో ఆ మాటే మరిచిపోయాను.

ఇప్పుడు నా బెర్తు ఎవరిదగ్గర నిద్ర తీసుకుంటోంది? అసలే నిద్రలేని ఒక ముసలావిడ దగ్గర. ఆపేద్దామంటే, నిద్రలోకి జారుతున్న మనిషికి ఊపు ఒక్కసారిగా తెగిపోతుంది. జూన్ లో ఒకసారి కరెంటు పోయి అలాగే జరిగింది. దివాకర్ కి మూర్ఛ వచ్చింది, వారమంతా నన్ను గుర్తుపట్టలేదు. ఇంకోసారి వస్తే తట్టుకోలేరని డాక్టరు చెప్పాడు.

ఆయన నా మొగుడు. ఆవిడ ఎవరో. ఆ లెక్క నా మనసులో రాలేదని అబద్ధం చెప్పను. కానీ నిద్ర ఇస్తానని మాటిచ్చి ఆవిణ్ణి రైలెక్కించింది నేను. నిద్ర ఇస్తానని పిలిచి ఉన్నది లాక్కోలేను. ఆపే మీట గది తలుపు పక్కన నడవాలో ఉంది. లేచి వెళ్ళాను.

నడవాలో, కిటికీ దగ్గర మడత కుర్చీ మీద, శాలువా కప్పుకుని వదిన కూర్చుని ఉంది.

"వదినా! మీరిక్కడేంటి?"

"మెల్లిగా. లోపల ఇద్దరూ పడుకున్నారు."

"బెర్తులు మారకూడదని చెప్పానా లేదా?"

"చెప్పేవు. ఆ నిచ్చెన మీద పెద్దావిడ కాళ్ళు అల్లాడిపోతుంటే, కింద కాళ్ళు చాపుకుని ఎలా పడుకోమంటావే? మా నాన్న చూసుంటే చెంప పగలగొడుదురు. ఆవిణ్ణి కింద పడుకోబెట్టి నేను పైకెక్కేను."

"ఎక్కినవాళ్ళు అక్కడైనా ఉండాలిగా. మీరెందుకు మేలుకున్నారు? రైలు కదిలితే చాలు పడిపోతారే మీరు!"

వదిన కిటికీలోంచి బయటికి చూసింది. ఏదో చిన్న స్టేషను దీపాలు ఆవిడ ముఖం మీదుగా వెళ్ళిపోయాయి. కళ్ళ కింద నలుపు నాకు అప్పుడు కనబడింది. రోజూ ఒకే బల్ల మీద ఆవిడతో ఉప్మా తింటున్నాను. చూడలేదు.

"నాకు నిద్ర లేదే బిందూ. వేసంకాలం నుంచీ లేదు. కింది బెర్తు మీద పడుకుంటే పడుతుంది. పొద్దున్నే లేస్తే ఒళ్ళు పిండేసినట్టుంటుంది. ఇంటికొచ్చి కళ్ళు మూసుకుని పడుకుంటాను, అంతే. అందుకే ట్రాములు లెక్కెట్టేది."

"ఎందుకు చెప్పలేదు వదినా?"

"చెప్తే నువ్వు ఆపేస్తావు. ఆపేస్తే వాడు పోతాడు," అంది, కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినంత మామూలుగా.

మా ఇంట్లో నీళ్ళ మోటారు ఆగిపోయి నెలలైంది. నిద్ర మీద పనిచేసే నేను ఆ నిశ్శబ్దంలో హాయిగా పడుకున్నాను. వంగి వదిన చేతులు పట్టుకుని ఏడ్చేశాను.

"ఏడవకు. ఇవాళ ఇద్దరికివ్వాలన్నావు. నా దగ్గర ఒక్కడికి సరిపడానే లేదని నాకు తెలుసు. సరే, చూద్దామనుకున్నాను. ఇంతలో ఈవిడ కాళ్ళు."

"ఆవిడకీ నిద్ర లేదు కదా! యంత్రం ఇప్పుడు ఆవిణ్ణి లాగుతోంది."

"లేని మనిషి దగ్గర ఏం లాక్కుంటుంది? అయినా ఆవిడకి అంతా చెప్పేను."

"ఏ భాషలో చెప్పారు?"

"చేతుల్తో." వదిన చూపించింది. పైకి వేలు చూపి, అరచేయి చెంప కింద పెట్టుకుని, కళ్ళు మూసి, లేదు లేదని తల ఆడించింది. తరవాత తన గుండె మీద చెయ్యి వేసుకుని, నెమ్మదిగా ఊపిరి తీసి, నెమ్మదిగా వదిలింది. "మా తమ్ముడు నీ ఊపిరి మీద పడుకుంటాడమ్మా, కాస్త నిదానంగా తియ్యి అన్నాను. ఆవిడకి అర్థమైంది. వాడి కాళ్ళ మీద దుప్పటి కూడా సర్దింది."

నేను మీట వైపు చెయ్యి చాపాను. అప్పుడే వెనక నుంచి మార్టా వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

"ముట్టుకోకు. వచ్చి చూడు," అంది గుసగుసగా. వదినని కూడా లాక్కుని యంత్రాల గదికి వెళ్ళాను.

తెర మీద రెండు గీతలు ఉన్నాయి, సిల్వానా గారిది, దివాకర్ ది. ఒకదాని పక్కన ఒకటి, మెట్టు మెట్టుకీ ఆగుతూ దిగుతున్నాయి. ఈయన ఊపిరి ఆవిడ వెంట దిగుతోంది. ఆయన ఒళ్ళు బరువుగా వాలినకొద్దీ పై బెర్తు బరువు చట్రంలోంచి ఆవిడ పరుపుకి తెలుస్తోంది, ఆవిడ ఊపిరి ఇంకాస్త నెమ్మదిస్తోంది. మార్టా ఇంకో గీత చూపించింది. ఇచ్చేవాళ్ళ నిద్ర ఎంత పలచబడుతుందో చెప్పే గీత అది. వదిన పడుకున్న ప్రతిసారీ అది నిటారుగా లేచేది. ఇప్పుడు నేలకి ఆనుకుని పడి ఉంది. సిల్వానా గారి గుండె కూడా ఇప్పుడు దెబ్బ తప్పడం లేదు.

నాకు విషయం బోధపడటానికి కాసేపు పట్టింది, ఎప్పుడో గాని అంతసేపు పట్టదు. బాగా నిద్రపోయేవాళ్ళే కింద ఉండాలని నేను అనుకున్నాను. వాళ్ళు ఒక్క దూకులో అడుగుకి వెళ్ళిపోతారు, పైనున్న మనిషిని రాత్రంతా అక్కడినుంచి లాగుతూనే ఉంటారు. ఆ లాగుడే వదినని తినేసింది. సిల్వానా గారు దూకలేరు. పైనున్నవాడి కోసమని మెలకువతోనే ఒక్కో ఊపిరీ ఆచితూచి తీశారు, ఆయన వచ్చాక ఇంకో మెట్టు దిగారు. ఇద్దరూ కలిసి దిగితే లాగాల్సిన పని ఎవరికీ లేదు. నా నివేదిక మొదటి పేజీ నుంచి తిరగరాయాలి. రాస్తాను, దానికేముంది.

"వదినా, వెళ్ళి పైన పడుకోండి," అన్నాను.

"నా బరువు కూడా ఆవిడ మీదేనా?"

"బరువు పడటం లేదు. పడితే ఈ గీత నాకు చెబుతుంది, వెంటనే మిమ్మల్ని లేపుతాను. ఎప్పటిలా గభాలున దూకకండి. ఆవిడతోపాటు నెమ్మదిగా వెళ్ళండి. ఇంకో మాట. ఇవాల్టి నుంచి మీరు కింది బెర్తు ఎక్కరు."

"మరి తమ్ముడో?"

"ఆయన్ని చూసుకోడానికి నేనున్నాను, సిల్వానా గారున్నారు. మీ తమ్ముణ్ణి మాకు వదిలేయండి."

"పట్టకపోతే?"

"పొద్దున్నే నన్ను తిట్టండి. కాకినాడలో తిట్టినట్టు తిట్టండి."

వదిన లోపలికి వెళ్ళింది. కాసేపటికి తెర మీద మూడో గీత వచ్చింది. అది చాలాసేపు మొండికేసింది. కొండలు దాటాం, సరిహద్దు దాటాం, అది పైపైనే కొట్టుకుంటోంది. మార్టా నిద్రకి ఆగలేక వెళ్ళిపోయింది. నేను ఒక కన్ను ఆ గీత మీద, ఒక కన్ను సిల్వానా గారి గుండె మీద పెట్టుకుని కూర్చున్నాను. ఎప్పుడో కళ్ళు మూతలు పడ్డాయి.

మెలకువ వచ్చేసరికి కిటికీ నిండా ఎండ. గొడుగుల్లాంటి పైన్ చెట్లు, ఎర్ర పెంకుల ఇళ్ళు వెనక్కి పోతున్నాయి. నడవాలో దివాకర్ నిలబడి ఉన్నారు. ముఖం మీద దిండు గీతలు. ఆయన పక్కన సిల్వానా గారు, జుట్టు రేగి, కళ్ళద్దాలు చేతిలో పట్టుకుని ఉన్నారు.

"ఎలా ఉన్నారు?" అని అడిగాను ఇటాలియన్లో. నాకు ముందు ఆవిడ సంగతే కావాలి.

"నిద్రపోయాను," అన్నారు ఆవిడ, తనకే నమ్మకం కుదరనట్టు. "ఈ అబ్బాయి పడుకునేదాకా మేలుకుని ఉందామనుకున్నాను. తరవాత ఏమైందో తెలియదు. మా ఆయన పోయాక నా పక్కన ఊపిరి పీల్చేవాళ్ళెవరూ లేరమ్మా." కళ్ళద్దాలు పెట్టుకుని, అవి తడిసినందుకు మళ్ళీ తీసి తుడుచుకున్నారు.

పెట్టె ఉద్యోగి కాఫీ పళ్ళెం పట్టుకుని హడావిడిగా వచ్చాడు. ముఖంలో కంగారు.

"మేడమ్, మీ గదిలో ఏదో మోటారు చెడిపోయినట్టుంది. చాలా మోత వస్తోంది. మెకానిక్ ని పిలవమంటారా?"

నేను చెవి ఒగ్గి విన్నాను. మూసిన తలుపు అవతల, అన్నిటికంటే పై బెర్తు మీంచి, పెరట్లో ఎవరో ఆపడం మరిచిపోయిన నీళ్ళ మోటారు. దివాకర్ నా వైపు చూశారు. "అక్క," అన్నారు. అని, ఒక చేత్తో కళ్ళు ఒత్తుకుంటూ నవ్వడం మొదలుపెట్టారు.

"అది మోటారు కాదండీ, మా వదిన," అన్నాను ఉద్యోగితో. "ఆవిణ్ణి లేపకండి."

"రోము వచ్చేసింది మేడమ్. అందరూ దిగాలి. పెట్టె షెడ్డుకి వెళ్ళిపోతుంది."

"కొంచెం అడ్జస్టవండి," అన్నాను, తెలుగులోనే.

అతనికి ఏం అర్థమైందో నాకు తెలియదు. కాసేపు ఆ మోత విన్నాడు. కాఫీ పళ్ళెం నా చేతికిచ్చి, షెడ్డులో అయినా లేస్తారు కదా అని అడిగి, చప్పుడు కాకుండా నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.